ఫ్రాంక్లిన్ రాయబారము

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706లో బోస్టన్ నగరమున, కొవ్వొత్తులు, సబ్బులు చేయు వృత్తిగల గృహస్థునకు జన్మించెను. ముద్రణచే ధనమును, విద్యుత్పరిశోధనచే ఐరోపా పండితుల గౌరవమును గడించెను. చిరకాలము లండనులో అమెరికా వలసల ప్రతినిధిగా నుండి, వలసలకును సామ్రాజ్యమునకును పొత్తు చెడకుండుటకే యత్నించెను. 1774 జనవరిలో ప్రీవీ కౌన్సిల్ ఎదుట నిలువబడి నిందలు వినవలసివచ్చిన పిదప ఆ యాశ సన్నగిల్లెను.

1776 డిసెంబరులో, డెబ్బదియేండ్ల వయస్సున, ఆయన కాంగ్రెసు పక్షమున ఫ్రాన్సు చేరెను. తిరుగుబాటు సేనకు తుపాకిమందు కొరవడెను. కాంగ్రెసు బొక్కసము వట్టిపోయెను. ఫ్రెంచి విదేశాంగమంత్రి వెర్జెన్ 1763 నాటి పరాభవమునకు ప్రతీకారము కోరుచున్నను, ఓడువారి పక్షమున బహిరంగముగా నిలుచుటకు జంకెను. కావున సాహాయ్యము చాటుగా సాగెను. నాటకకర్త బోమార్షే నడపిన వర్తకసంస్థ పేర ఆయుధములు సేకరింపబడెను. 1777 జనవరిలో రాజు 20 లక్షల లీవ్రుల ధనమును రహస్యముగా మంజూరు చేసెను.

దాత స్వప్రయోజనమునకే ఇచ్చునని ఫ్రాంక్లిన్ ఎరుగును. అందుచే దైన్యము చూపక, పారిస్ చెంత పాసీలో నివసించుచు, విద్వద్గోష్ఠుల మన్ననలందుచు అదను కొరకు వేచెను. అక్టోబరులో సారటోగా వద్ద బ్రిటిషు సేనాని బర్గోయిన్ లొంగిపోయిన వార్త డిసెంబరులో అందెను. వెంటనే బ్రిటన్ రహస్యదూతను పంపెను. 1778 జనవరి 6న ఫ్రాంక్లిన్ ఆ దూతతో సంభాషించెను. వలసలు బ్రిటన్‌తో మరల కలియునేమో యను భయము ఫ్రాన్సును తొందరపెట్టెను. మరునాడే రాజమంత్రిసభ మైత్రికి సమ్మతించెను. ఫిబ్రవరి 6న సంధిపత్రములపై సంతకములైనవి.

ఆ సంధి ఫలితము భారతదేశమునకును సోకెను. ఫ్రాన్సుతో యుద్ధము రాగా ఆంగ్లేయులు 1778లో పుదుచ్చేరిని, 1779లో మాహేను గైకొనిరి. 1780లో హైదరాలీ యుద్ధమునకు దిగుటకు మాహే పతనము ఒక కారణము. 1782లో పెన్సిల్వేనియా యుద్ధనౌక యొకదానికి ఆయన పేరుండెను.

ఒకరి సమ్మతి లేక వేరొకరు శాంతి చేసికొనరాదని ఆ సంధిలో నియమము కలదు. అయినను 1782 నవంబరు 30న ఫ్రాంక్లిన్, జాన్ ఆడమ్స్ మొదలగువారు ఫ్రాన్సునకు తెలుపకయే బ్రిటన్‌తో ప్రాథమిక ఒడంబడిక చేసికొనిరి. వెర్జెన్ ఆక్షేపించెను. ఫ్రాంక్లిన్ మర్యాదలోపమును అంగీకరించి, నియమభంగమును నిరాకరించి, మిత్రుల పొరపొచ్చెము శత్రువునకే లాభమని సూచించెను. 60 లక్షల లీవ్రుల క్రొత్త ఋణము ఆగలేదు. వెర్జెన్‌కు కోపమున్నను, మిత్రుని వదలుకొనుటవలన లాభము లేకుండెను.

తుదిసంధి 1783 సెప్టెంబరు 3న జరిగెను. ఫ్రాంక్లిన్ 1785లో స్వదేశమునకు మరలి, 1790 ఏప్రిల్ 17న ఫిలడెల్ఫియాలో మరణించెను. ఆ యుద్ధమునకై ఫ్రాన్సు వెచ్చించినది నూరుకోట్ల లీవ్రులకు పైమాట. ఆ ఋణభారము 1789 విప్లవమునకు దారితీసిన కారణములలో ఒకటి. ఫ్రాంక్లిన్ మరణవార్త చేరునప్పటికి ఆయనకు ధనమిచ్చిన రాజునకు అధికారము క్షీణించియుండెను. మూడుదినముల సంతాపము ప్రకటించినది ఆ విప్లవమున పుట్టిన జాతీయసభయే.