యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు 1948) ఆంధ్ర దేశానికి చెందిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. జీవకణాలలో శక్తిని అందించే ఏటీపీ అనే పదార్థాన్ని కనుగొన్నవారిలో ఒకడు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణకు, బోదకాలు మందు రూపకల్పనకు నాయకత్వం వహించాడు.

బాల్యం, విద్య

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడై, మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించినందున శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించారు. అదే వ్యాధి సోకిన సుబ్బారావు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకొని, కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో బోధించాడు. 1919లో శేషగిరిని వివాహమాడాడు. 1922లో అమెరికా వెళ్ళి మరల స్వదేశానికి రాలేదు.

హార్వర్డులో పరిశోధనలు

బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ చదువు సాగించాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, క్షయకరణం వలన నీలిరంగునిస్తుంది. రంగు గాఢతను బట్టి ఫాస్ఫేటు పరిమాణం తెలుస్తుంది. కండరాల సారంతో ఈ రంగు ఆలస్యంగా రావడానికి కారణం అన్వేషించగా, సులభంగా విడిపోయే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో వీరిరువురు ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు.

శ్వాసక్రియలో విడుదలయ్యే శక్తి ఏటీపీ రూపంలో నిలువ అవుతుందని తరువాత తేలింది. జంతువులలో వలెనే మొక్కల మైటోకాండ్రియాలలో కూడా ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము దీనిని తయారు చేస్తుంది. ఈ ఎంజైములో పొర నుండి వేరుచేసిన భాగం ఏటీపీని విడగొట్టి ఫాస్ఫేటును విడుదల చేస్తుంది. శుద్ధిచేసే ప్రతి దశలోనూ, ఒక మిల్లీగ్రాము ప్రోటీనుకు నిమిషానికి ఎంత ఫాస్ఫేటు విడుదలైనదో కొలిచి శుద్ధతను అంచనా వేస్తారు. ఈ కొలతకు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి, దానిపై ఆధారపడిన పద్ధతులు విరివిగా ఉపయోగపడ్డాయి.

లెడర్లీలో

1930లో డాక్టరేటు పొందినా, హార్వర్డులో శాశ్వత పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరి పరిశోధన విభాగానికి సారథి అయ్యాడు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సలో అది ఉపయోగపడింది. దానిని పోలిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరును తాత్కాలికంగా తగ్గించగలిగాడు. అదే వర్గానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ 1947లో వెలువడింది. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ వర్గపు తొలి ఔషధం.

మరణం, గుర్తింపు

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే మరణించాడు. అప్పటికి వయస్సు 53 సంవత్సరాలు. నోబెల్ బహుమతి ఆయనకు దక్కలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ళను విడుదల చేసింది. పేరు అంతగా వినబడకపోయినా, ఆయన పద్ధతి ప్రయోగశాలలలో, ఆయన మందులు ఆసుపత్రులలో నిలిచి ఉన్నాయి.