జిమ్ గ్రే

జిమ్ గ్రే (జననం: 1944 జనవరి 12 - అదృశ్యం: 2007 జనవరి 28) అమెరికాకు చెందిన ప్రఖ్యాత కంప్యూటరు శాస్త్రవేత్త. ఇతని పూర్తి పేరు జేమ్స్ నికొలస్ గ్రే. కంప్యూటరులో ఒకసారి వ్రాసినట్లు నమోదైన సమాచారము, ఆ తరువాత విద్యుత్తు ఆగిపోయినా, యంత్రము మొరాయించినా చెరిగిపోకుండా ఉండుటకు కావలసిన సిద్ధాంతమును రూపొందించిన వారిలో ఇతడు అగ్రగణ్యుడు. నేటి బ్యాంకులు, రైల్వే రిజర్వేషన్లు మొదలుకొని చేతిలోని సెల్‌ఫోను వరకు డేటాబేసు ఉన్న ప్రతిచోటా ఇతని కృషి ఫలితము కనిపిస్తుంది. 1998లో ట్యూరింగ్ పురస్కారమును అందుకున్నాడు.

బాల్యము, విద్యాభ్యాసము

గ్రే కాలిఫోర్నియా రాష్ట్రములోని శాన్ ఫ్రాన్సిస్కో నగరములో జన్మించాడు. తల్లి ఉపాధ్యాయురాలు, తండ్రి సైన్యములో ఉద్యోగి. తల్లిదండ్రులు విడిపోయిన తరువాత తల్లి వద్దనే శాన్ ఫ్రాన్సిస్కోలో పెరిగాడు. 1961లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చేరి, 1966లో ఇంజనీరింగు గణితములో పట్టభద్రుడయ్యాడు. 1969లో అదే విశ్వవిద్యాలయము నుండి డాక్టరేటు పొందాడు. అక్కడి కంప్యూటర్ సైన్సు విభాగము ప్రదానము చేసిన మొట్టమొదటి డాక్టరేటు ఇతనిదే.

ఐ.బి.ఎం.లో పరిశోధన

1970వ దశకములో గ్రే శాన్ హోసేలోని ఐ.బి.ఎం. పరిశోధనాలయములో సిస్టమ్ ఆర్ అనే ప్రయోగాత్మక డేటాబేసు నిర్మాణములో పాల్గొన్నాడు. ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన పట్టికల పద్ధతి ఆచరణలో పనిచేస్తుందని నిరూపించుట ఆ ప్రాజెక్టు లక్ష్యము. ఒకే సమాచారమును అనేకమంది ఒకేసారి మార్చుతున్నపుడు పొరపాట్లు రాకుండా చూచుట, మధ్యలో యంత్రము ఆగిపోతే తిరిగి సరియైన స్థితికి తెచ్చుట గ్రే చేపట్టిన సమస్యలు.

ఈ సమస్యను ఒక ఉదాహరణతో గ్రహించవచ్చును. మైలవరములోని ఒక ఖాతా నుండి నందిగామలోని మరొక ఖాతాకు వెయ్యి రూపాయలు బదిలీ చేయుచున్నామనుకొందాము. మొదటి ఖాతాలో వెయ్యి తగ్గించిన క్షణమున కరెంటు పోయినచో, రెండవ ఖాతాకు సొమ్ము చేరదు, మొదటి ఖాతాలోనూ ఉండదు. కాబట్టి రెండు మార్పులూ కలిసి జరుగవలెను, లేదా రెండూ జరుగకూడదు. ఇట్టి విడదీయరాని పనినే లావాదేవీ అంటారు. ఈ భావనకు స్పష్టమైన రూపము ఇచ్చిన గ్రే వ్యాసము 1981లో వెలువడింది. లావాదేవీకి ఉండవలసిన నాలుగు లక్షణములకు ఏసిడ్ అనే సంక్షిప్తనామమును 1983లో జర్మనీకి చెందిన థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ పెట్టారు.

చిట్టా ముందు, ఆవర్జా తరువాత

మన వ్యాపారులు పూర్వము నుండి ప్రతి బేరమును జరిగిన వెంటనే చిట్టాలో వరుసగా వ్రాసుకొని, తీరిక వేళ ఆవర్జాలోని ఆయా ఖాతాలకు ఎక్కించుకొనేవారు. డేటాబేసులు కూడా ఇదే పని చేస్తాయి. మార్పును ముందుగా చిట్టా వంటి లాగ్ ఫైలులో వ్రాసి, అది డిస్కుపై స్థిరపడిన తరువాతనే అసలు పట్టికను మార్చుతాయి. యంత్రము ఆగి మరల మొదలైనపుడు లాగ్ చదివి, ముగిసిన లావాదేవీలను నిలుపుతాయి, ముగియని వాటిని రద్దు చేస్తాయి. ఈ విధానమునకు గ్రే, అతని సహచరులు కచ్చితమైన నియమములు కూర్చారు. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన సి. మోహన్ బృందము ఐ.బి.ఎం. నుండి 1992లో ప్రచురించిన ఏరీస్ పద్ధతి దీనిని మరింత విస్తరించింది.

టాండెం, డిజిటల్ సంస్థలు

1980లో గ్రే టాండెం కంప్యూటర్స్ సంస్థలో చేరాడు. కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయో పరిశీలించి 1985లో ఒక నివేదిక వ్రాశాడు. యంత్రభాగముల లోపముల కంటే నిర్వహణలోను, సాఫ్ట్‌వేరులోను జరిగే పొరపాట్లే ఎక్కువ కారణమని అందులో చూపాడు. అదే సంవత్సరము సెకనుకు ఎన్ని లావాదేవీలు జరుగుతాయో కొలిచే ప్రమాణమును ఇతడు, మరికొందరు పేర్లు చెప్పకుండా ఒక పత్రికలో ప్రకటించారు. ఇట్టి కొలతలను పర్యవేక్షించుటకు 1988లో ఒక పరిశ్రమల మండలి ఏర్పడింది. 1990లో టాండెం వదలి డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థకు మారాడు. రాయిటర్‌తో కలిసి వ్రాసిన లావాదేవీల గ్రంథము ఆ రంగములో ప్రామాణికముగా నిలిచింది.

మైక్రోసాఫ్ట్, వ్రాత వేగము

1995లో గ్రే మైక్రోసాఫ్ట్ సంస్థలో చేరాడు. 1998లో ఉపగ్రహ చిత్రములను అందరికీ అందించిన టెర్రాసర్వర్, 2001లో ఖగోళ శాస్త్రవేత్త అలెక్స్ సలాయ్‌తో కలిసి నిర్మించిన స్కైసర్వర్ ఈ కాలపు కృషి. విండోస్ ఎన్‌.టి., విండోస్ 2000 ఆపరేటింగు సిస్టములలో డిస్కుపై చదువుట, వ్రాయుట ఎంత వేగముగా జరుగుతాయో సహచరులతో కలిసి స్వయముగా కొలిచి ఫలితములను ప్రచురించాడు.

ఈ విషయము నేటి చిన్న డేటాబేసులకూ వర్తిస్తుంది. రిచర్డ్ హిప్ 2000లో వెలువరించిన ఎస్‌క్యూలైట్ ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉంటుంది. అది గ్రే నిర్మించినది కాకపోయినా, లావాదేవీల నియమములనే పాటిస్తుంది. నిమిషమునకు 7,200 సార్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు మాత్రమే తిరుగుతుంది. ప్రతి లావాదేవీ తన వ్రాత పళ్ళెముపై స్థిరపడువరకు ఆగవలెను కనుక, విడివిడిగా చేస్తే సెకనుకు కొన్ని పదుల లావాదేవీలే సాధ్యము. వేయి వరుసలను ఒకే లావాదేవీగా కూర్చినచో ఆ నిరీక్షణ ఒక్కసారితో సరిపోతుంది.

ఒకే ప్రోగ్రాము లినక్సు, విండోస్, మాక్ సిస్టములలో వేరువేరు వేగములు చూపుటకు ఒక ముఖ్య కారణము కూడా ఇదే. వ్రాసినది డిస్కుకు చేర్చమని కోరినపుడు ప్రతి సిస్టమూ ఒకే విధముగా ప్రవర్తించదు. ఉదాహరణకు మాక్ సిస్టములో మామూలు ఆజ్ఞ సమాచారమును డిస్కు వరకే పంపుతుంది. డిస్కు లోపలి తాత్కాలిక స్మృతి నుండి పళ్ళెముపైకి చేర్చుటకు ప్రత్యేకమైన మరొక ఆజ్ఞ కావలెను. కాబట్టి ఎక్కువ వేగము కనిపించినపుడు, వ్రాత నిజముగా స్థిరపడినదా అని కూడా చూడవలెను.

అదృశ్యము

2007 జనవరి 28న గ్రే తన తల్లి చితాభస్మమును సముద్రములో కలుపుటకు టెనేషస్ అనే తెరచాప పడవపై ఒంటరిగా ఫారలాన్ దీవుల వైపు బయలుదేరాడు. తిరిగి రాలేదు. తీరరక్షక దళము రోజుల తరబడి గాలించింది. మిత్రులు సేకరించిన ఉపగ్రహ చిత్రములను వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు ఇంటర్నెట్టు ద్వారా పరిశీలించారు. సముద్రగర్భములో జరిపిన వెదుకులాట కూడా ఫలించలేదు. పడవ ఆనవాలు ఏదీ దొరకలేదు. 2012లో న్యాయస్థానము ఇతడు మరణించినట్లు చట్టరీత్యా ప్రకటించింది.

పెద్ద మొత్తములో సేకరించిన సమాచారము ఆధారముగా సాగే పరిశోధనను విజ్ఞానశాస్త్రములో నాలుగవ మార్గముగా గ్రే తన చివరి రోజులలో వివరించాడు. ఆ భావనపై అతని స్మృత్యర్థము 2009లో ఒక వ్యాస సంకలనము వెలువడింది. మన ఇంజనీరింగు కళాశాలలలో డేటాబేసు పాఠము చదివే విద్యార్థులు లావాదేవీల అధ్యాయములో నేర్చుకొనే విషయములలో చాలా భాగము ఇతని కృషి ఫలితమే.