నీలి గంటపువ్వును రాసుకున్న జెఫర్సన్

ఈసారి మన గోడపత్రికలో అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ జీవితం రాస్తున్నాను.

ఆయన 1743 ఏప్రిల్ 13న వర్జీనియాలోని షాడ్వెల్‌లో పుట్టాడు. అంతకుముందు అది మొనాకన్ అనే ఆదివాసుల నేల. ఆయనకు 14 ఏళ్లప్పుడు తండ్రి చనిపోయాడు. అంటే నా వయసే. మన దగ్గరైతే అయ్య పోతే పిల్ల బడి మానేస్తుంది. ఆయనకు తండ్రి వదిలిన పొలాలు, బానిసలు ఉన్నారు. అందుకని చదువు ఆగలేదు.

1766లో ఆయన తోట పుస్తకం అని ఒక నోటుబుక్కు మొదలుపెట్టాడు. ఏప్రిల్ 16న పల్లపు నేలలో నీలంగా, గరాటులా ఉన్న ఒక పువ్వు పూసిందని అందులో రాసుకున్నాడు. పేరు రాయలేదు. అది వర్జీనియా బ్లూబెల్ అని తర్వాతివాళ్లు గుర్తుపట్టారు. ఏటి ఒడ్డున చెమ్మ నేలలో దానంతటదే మొలుస్తుంది. మొగ్గ గులాబీ రంగు, విచ్చుకున్నాక నీలం. చిన్న గంటలా వేలాడుతుంది. ఎండలు ముదిరేసరికి ఆకులన్నీ ఎండిపోతాయి. వేరు మాత్రం భూమిలో బతికే ఉంటుంది. మన కొండల మీద దుంపతీగలు తొలకరికి లేచినట్టు, అది వసంతానికి మళ్లీ లేస్తుంది.

1776లో మనుషులంతా సమానమని స్వాతంత్ర్య ప్రకటనలో రాసింది ఈయనే. 1801 నుంచి 1809 దాకా అధ్యక్షుడిగా చేశాడు. కాని తన జీవితంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడు. మాంటిసెల్లో కొండ మీద ఆయన తోటలో తవ్వింది, నాటింది వాళ్లే. పెద్ద తోటమాలి పేరు వార్మ్‌లీ హ్యూజ్. 1826 జూలై 4న జెఫర్సన్ చనిపోతే గొయ్యి తవ్వింది కూడా ఆయనే. తర్వాత వార్మ్‌లీని వదిలేశారు. కాని జెఫర్సన్ అప్పులు తీర్చడానికి 1827లో వార్మ్‌లీ భార్య అర్సులాని, పిల్లల్ని వేలంలో అమ్మేశారు.

ఇది తెలిసి నాకు చాలా కోపమొచ్చింది. పువ్వు పూసిన తేదీ అంత శ్రద్ధగా రాసుకున్నాడు కదా, ఆ తోట పెంచినవాళ్ల పిల్లలు ఏమైపోతారో పట్టలేదా? పరీక్షలో జెఫర్సన్ గొప్పతనం అడిగితే రాస్తాను. దాని కిందే వార్మ్‌లీ పేరు కూడా రాస్తాను. మార్కులు వేయకపోయినా సరే.

ఆయన అలవాటు ఒకటి మాత్రం మనం తీసుకోవచ్చు. పేరు తెలియకపోయినా రంగు, ఆకారం, చోటు, తేదీ రాసుకున్నాడు. సెలవులకి ఊరెళ్లినప్పుడు మన అడవి పువ్వుల్ని అలాగే రాద్దాం. అవ్వ చెప్పే పేరు కూడా పక్కనే రాద్దాం. చూపించింది అవ్వ అని కూడా రాద్దాం.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని