పది అడుగుల కారు.. నలుగురికి చోటు

మేళ్లచెరువు లాంటి ఊళ్లలో పాత వీధులన్నీ ఎడ్లబండ్ల కాలంలో పడినవే. శివరాత్రి జాతర రోజుల్లో అలాంటి వీధిలో రెండు కార్లు ఎదురెదురుగా వచ్చాయంటే ఎవరో ఒకరు రివర్స్ తీయాల్సిందే. వీధి అప్పుడెంతో ఇప్పుడూ అంతే. కార్లే పెరిగాయి. ఒకప్పుడు ఎక్కడ చూసినా కనిపించిన మారుతి 800 వెడల్పు 1.44 మీటర్లు. ఇవాళ్టి బ్రెజాది 1.79 మీటర్లు. అంటే రెండు 800లు పట్టిన చోట రెండు బ్రెజాలు పట్టాలంటే ఇంకో 70 సెంటీమీటర్లు కావాలి. సైడ్ అద్దాలు లెక్కలోకి తీసుకోకుండానే!

కార్లు ఇలా పెరుగుతూ పోవాల్సిందేనా? కాదని చేసి చూపించిన ఇంజినీరు ఒకాయన ఉన్నారు. మినీ కారు సృష్టికర్త సర్ అలెక్ ఇసిగోనిస్. మెకానికల్ చదువుతున్నవాళ్లే కాదు, ఏ డిజైన్ పని చేసేవాళ్లయినా ఒకసారి తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

శరణార్థిగా మొదలు

అలెక్ 1906 నవంబరు 18న స్మిర్నాలో పుట్టారు. ఇప్పుడది టర్కీలోని ఇజ్మీర్. అప్పట్లో ఒట్టోమన్ సామ్రాజ్యంలోని పెద్ద రేవు పట్టణం. తండ్రి గ్రీకు మూలాలున్న బ్రిటిష్ పౌరుడు, ఓడల యంత్రాలకు సంబంధించిన ఇంజినీరింగ్ వ్యాపారం చేసేవారు. తల్లిది జర్మనీలోని బవేరియా నుంచి వచ్చిన కుటుంబం. యంత్రాల మధ్య, డబ్బుకు లోటు లేకుండా బాల్యం గడిచింది.

1922లో అంతా తలకిందులైంది. గ్రీస్-టర్కీ యుద్ధం చివర్లో స్మిర్నా తగలబడిపోయింది. బ్రిటిష్ పౌరులు కావడంతో ఆ కుటుంబాన్ని నౌకాదళం మాల్టాకు చేర్చింది. ఆస్తులన్నీ అక్కడే వదిలేసి కట్టుబట్టలతో బయటపడ్డారు. తండ్రి మాల్టాలోనే చనిపోయారు. మరుసటి ఏడాది తల్లీకొడుకులు ఇంగ్లాండు చేరారు. అలెక్‌కి అప్పటికి పట్టుమని పదిహేడేళ్లు కూడా నిండలేదు.

లెక్కల్లో మూడుసార్లు ఫెయిల్

లండన్‌లోని బ్యాటర్‌సీ పాలిటెక్నిక్‌లో మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరారు. డ్రాయింగ్‌లో చేయి తిరిగినవారే కానీ, లెక్కల పరీక్ష మాత్రం మూడుసార్లు తప్పారు. సృజనాత్మకంగా పనిచేసేవాడికి శుద్ధ గణితం శత్రువని తర్వాత్తర్వాత కూడా అంటూ ఉండేవారు. ఆ మాటని పట్టుకుని ఎం1, ఎం2 వదిలేయకండి! ఆయనకు లెక్కలు చేసిపెట్టే మనుషులు పక్కనే ఉండేవారు. ఆయన బలం వేరే: వస్తువు ఆకారాన్ని మనసులో చూసి, చేత్తో అక్కడికక్కడ కాగితం మీద గీసేయడం.

చదువయ్యాక చిన్నా చితకా ఉద్యోగాలు చేస్తూ హంబర్ కంపెనీకి, 1936లో మోరిస్ మోటార్స్‌కి మారారు. సస్పెన్షన్ మీద పని. ఖాళీ సమయంలో జార్జ్ డౌసన్ అనే స్నేహితుడితో కలిసి లైట్‌వెయిట్ స్పెషల్ అనే చిన్న రేసు కారును సొంతంగా, ఏళ్ల తరబడి చేతులతోనే కట్టారు. బరువు ఎంత తగ్గిస్తే కారు అంత బాగా పరిగెడుతుందని పుస్తకంలో చదవడం వేరు, రేకు కోసి తెలుసుకోవడం వేరు. తర్వాత మినీలో కనిపించే రబ్బరు సస్పెన్షన్ ఆలోచన కూడా ఈ కారులోనే మొదలైంది.

నిలువునా కోసిన కారు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే ఆయనకు ఒక చిన్న కుటుంబ కారు పని అప్పగించారు. అదే మోరిస్ మైనర్. ప్రొటోటైప్ సిద్ధమయ్యాక చూస్తే ఆయనకు నచ్చలేదు. సన్నగా, పీలగా ఉన్నట్టు అనిపించింది. మెకానిక్‌లతో దాన్ని నిలువునా రెండుగా కోయించారు. రెండు సగాలనూ అటూ ఇటూ జరిపిస్తూ చూసి, 4 అంగుళాల ఎడం దగ్గర ఆపేశారు. ఆ కొలతే ఖాయం. అప్పటికే పాత కొలతకు చేయించిన బంపర్లను పారేయలేక, మధ్యలో అతుకు వేసి వాడుకున్నారు.

అంటే చిన్న కార్ల ఇంజినీరుగా పేరున్న మనిషి, తన మొదటి పెద్ద విజయంలో కారుని వెడల్పు చేశారు. చిన్నదిగా ఉండాలన్నది ఆయన మొండిపట్టు కాదు. పెంచిన ప్రతి అంగుళానికీ ఒక కారణం ఉండాలి, అంతే.

కంపెనీ యజమాని లార్డ్ నఫీల్డ్‌కు ఆ గుండ్రటి ఆకారం బొత్తిగా నచ్చలేదు. ఉడికిన గుడ్డుతో పోల్చారు. 1948లో మార్కెట్లోకి వచ్చిన ఆ గుడ్డే, పది లక్షలు దాటిన మొదటి బ్రిటిష్ కారైంది. మన దేశంలో హిందుస్తాన్ మోటార్స్ 'బేబీ హిందుస్తాన్' పేరుతో తయారుచేసింది కూడా ఈ మైనర్‌నే. తర్వాత మన అంబాసిడర్‌కు మూలమైన ఆక్స్‌ఫర్డ్ కూడా అదే మోరిస్ కంపెనీ కారు.

ముందు పెట్టె.. తర్వాతే కారు

1956లో ఈజిప్టు సూయజ్ కాలువను జాతీయం చేసింది. గొడవ ముదిరి బ్రిటన్‌కు చమురు రావడం తగ్గింది. డిసెంబరుకల్లా పెట్రోలుకి రేషన్ పెట్టారు. జనం జర్మనీ నుంచి వచ్చే బుడగలాంటి బుల్లి కార్లు కొనడం మొదలుపెట్టారు. ఆస్టిన్, మోరిస్ కలిసి ఏర్పడిన బీఎంసీకి అప్పుడు లియొనార్డ్ లార్డ్ అధిపతి. ఆ బుడగ కార్లంటే ఆయనకు ఒళ్లుమంట. అసలైన చిన్న కారు ఒకటి త్వరగా కావాలని ఇసిగోనిస్‌కు పని ఇచ్చారు. షరతు ఒక్కటే: కొత్త ఇంజిన్ అడగొద్దు, ఉన్నదాంతోనే కానివ్వాలి.

ఇక్కడే ఇసిగోనిస్ పద్ధతి చూడాలి. మామూలుగా ఇంజిన్, గేర్‌బాక్స్, సీట్లు, డిక్కీ వరసగా పేర్చుకుంటూ పోతారు. అన్నీ అయ్యాక వచ్చిన పొడవే కారు పొడవు. ఆయన దీన్ని తిరగేశారు. ముందే ఒక పెట్టె గీశారు. పొడవు 10 అడుగులు, వెడల్పు 4, ఎత్తు 4. అందులో 6 అడుగులు మనుషులకి. మిగిలిన 4 అడుగుల్లోనే యంత్రాలన్నీ సర్దుకోవాలి.

మరి ఇంజిన్ పొడుగ్గా ఉంటే? అడ్డంగా తిప్పి పెట్టారు. గేర్‌బాక్స్‌కి చోటు లేకపోతే? ఇంజిన్ కిందే, ఆయిల్ ఉండే సంప్‌లోకి దించేశారు. రెండింటికీ ఒకటే ఆయిల్. చక్రాలు సీట్ల చోటు తినేస్తుంటే? డన్‌లప్ చేత 10 అంగుళాల చక్రాలకు టైర్లు చేయించారు. స్ప్రింగుల స్థానంలో అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు కోన్లు వచ్చాయి. ముందు చక్రాలకే పవర్ ఇవ్వడంతో వెనక్కి వెళ్లే షాఫ్ట్ అక్కర్లేదు, దాని కోసం ఫ్లోర్ మధ్యలో ఉబ్బెత్తు సొరంగమూ అక్కర్లేదు. కిటికీ అద్దాలు కిందికి దిగకుండా పక్కకు జరిగేలా పెట్టి, తలుపుల్లో పెద్ద జేబులు మిగిల్చారు.

1959 ఆగస్టు 26న మినీ విడుదలైంది. పొడవు 3.05 మీటర్లు, ఇంజిన్ 848 సీసీ, ధర 496 పౌండ్లు. నేల మీద ఆక్రమించే స్థలంలో సుమారు 80 శాతం మనుషులకు, సామాన్లకే.

మెప్పు సరే.. లాభమేది?

మినీ మాంటే కార్లో ర్యాలీని 1964, 1965, 1967లో గెలిచింది. 2000 సంవత్సరంలో పాత మినీ ఉత్పత్తి ఆగేసరికి 53 లక్షలకు పైగా అమ్ముడైంది. ఇసిగోనిస్‌కు 1967లో రాయల్ సొసైటీ ఫెలోషిప్, 1969లో సర్ బిరుదు దక్కాయి.

ఇంకో వైపు కూడా చూడాలి. మొదటి మినీల్లో వానొస్తే ఫ్లోర్‌లోకి నీళ్లొచ్చేవి. ధర మరీ తక్కువ పెట్టడంతో కంపెనీకి లాభం దాదాపు మిగల్లేదు. మార్కెట్ సర్వేలంటే ఆయనకు నమ్మకం లేదు. గుద్దుకున్నాక కాపాడటం కన్నా, గుద్దుకోకుండా తప్పించుకునే బ్రేకులు, స్టీరింగ్ ఇవ్వడమే కారు పని అని నమ్మేవారు. ఇవాళ ఆ వాదన నిలబడదు.

1968లో కంపెనీ బ్రిటిష్ లేలాండ్‌లో కలిసిపోయింది. మినీ కన్నా పొట్టిగా, లోపల ఇంకా మెరుగ్గా ఉండేలా ఆయన గీసిన 9ఎక్స్ కారుని కొత్త యాజమాన్యం పక్కన పెట్టేసింది. 1971లో రిటైరైనా సలహాదారుగా గీస్తూనే ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు. 1972లో చనిపోయేదాకా తల్లి ఆయనతోనే ఉన్నారు. 1988 అక్టోబరు 2న బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశారు.

మినీ కూడా మినీగా లేదు

ఇప్పుడు మినీ పేరు బీఎండబ్ల్యూ చేతిలో ఉంది. 2001లో వచ్చిన కొత్త మినీ 3.6 మీటర్లు దాటింది. తాజా కంట్రీమ్యాన్ ఏకంగా 4.43 మీటర్ల పొడవు, 1.84 మీటర్ల వెడల్పు. పాత మినీ నేల మీద సుమారు 4.3 చదరపు మీటర్లు తీసుకుంటే, ఇది 8 దాటింది. దాదాపు రెట్టింపు చోటు. కూర్చునేది మాత్రం నలుగురికి బదులు ఐదుగురు.

ఇది ఒక్క మినీ కథే కాదు. 1974లో మొదటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ 3.7 మీటర్లు, ఇప్పుడు 4.28. యూరప్‌లో కొత్త కార్ల సగటు వెడల్పు రెండేళ్లకో సెంటీమీటరు చొప్పున పెరుగుతోందని 2024లో ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ లెక్కతేల్చింది.

కారణాలు దొంగవి కావు. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి లోపలివాళ్లని కాపాడాలంటే పొడవు కావాలి. తలుపుల్లో ఇనుప కడ్డీలు, ఎయిర్‌బ్యాగులు పట్టాలంటే మందం కావాలి. మన దగ్గర కూడా 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకు క్రాష్ టెస్ట్ తప్పనిసరైంది. ఏసీ, పెద్ద చక్రాలు, బ్యాటరీ.. దేనికదే న్యాయమే. చిక్కు ఏంటంటే ప్రతి మోడల్ పాతదానికన్నా కాస్త పెద్దగా రావాల్సిందే అన్న పోటీ. ఒక్కో సెంటీమీటరుకూ ఒక్కో కారణం దొరుకుతుంది, మొత్తం ఎంతైందో అడిగేవాళ్లు ఉండరు. ఆ మొత్తాన్ని ఇసిగోనిస్ మొట్టమొదటే రాసిపెట్టుకున్నారు.

మన 4 మీటర్ల గీత

చిత్రంగా, ఆ గీత గీసే పని మన దగ్గర పన్ను చేసింది. 2006 బడ్జెట్‌లో 4 మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోలు లేదా 1500 సీసీలోపు డీజిల్ ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. దాంతో 4.16 మీటర్లున్న డిజైర్ డిక్కీని 2012 మోడల్‌లో కురచ చేసి 3.995కి దించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలోనూ చిన్న కార్లకు 18, పెద్దవాటికి 40 శాతం. అయితే నిబంధన పొడవుకే, వెడల్పుకి కాదు. అందుకే కార్లు పక్కకీ పైకీ పెరిగాయి. బ్రెజా పొడవు కూడా సరిగ్గా 3.995 మీటర్లే!

నిజంగా చిన్నవి రాలేదా అంటే వచ్చాయి. 2009లో టాటా నానో దాదాపు మినీ పొడవే, 3.1 మీటర్లు. చవక కారన్న ముద్ర పడి 2018లో ఆగిపోయింది. 2023లో వచ్చిన ఎంజీ కామెట్ ఎలక్ట్రిక్ 2.97 మీటర్లు, అంటే మినీకన్నా పొట్టి. నలుగురు కూర్చోవచ్చు.

మీకేంటి ఇందులో?

మేళ్లచెరువు, కోదాడ, హుజూర్‌నగర్ వైపు మెకానికల్ చదివితే రెండే దారులన్నట్టు మాట్లాడుకుంటాం: సిమెంటు ఫ్యాక్టరీ, లేదంటే అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు. మూడోది కూడా ఉంది. ఇసిగోనిస్ చేసిన పనికి ఇవాళ కంపెనీల్లో పేరు వెహికల్ ప్యాకేజింగ్. ఉన్న చోటులో ఇంజిన్, బ్యాటరీ, వైరింగ్, మనిషి మోకాళ్లు.. అన్నీ ఒకదానికొకటి తగలకుండా సర్దడం. దాని పక్కనే క్రాష్ సిమ్యులేషన్, శబ్దం-వణుకు తగ్గించే విభాగాలు ఉంటాయి. హ్యుందాయ్, జెడ్‌ఎఫ్ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. కాటియా లేదా ఎన్‌ఎక్స్‌లో ఒకటి గట్టిగా నేర్చుకోండి. దాంతోపాటు చేత్తో గీయడం వదలొద్దు.

ఫైనలియర్ ప్రాజెక్టుకి ఐడియా కావాలంటే ఒక టేపు తీసుకోండి. మీ ఊళ్లో ఉన్న నాలుగైదు రకాల కార్ల బయటి పొడవు కొలవండి. తర్వాత యాక్సిలరేటర్ పెడల్ నుంచి వెనక సీటు వీపు దాకా లోపలి పొడవు కొలవండి. మనిషికి దక్కింది ఎంత శాతమో లెక్క కట్టండి. 800తో మొదలుపెట్టి కొత్త ఎస్‌యూవీ దాకా ఆ శాతం పెరిగిందో తగ్గిందో చూడండి. పెరగని ప్రతిచోటా ఒక ఇంజినీరుకి చేయాల్సిన పని మిగిలే ఉన్నట్టు.