నీళ్లు ఎటు పోవాలి? ఆ ప్రశ్నే విశ్వేశ్వరయ్య ఉద్యోగం

మందమర్రి చుట్టుపక్కల ఏ ఊరి చివరకు వెళ్లినా ఈమధ్య కొత్త ప్లాట్లు కనిపిస్తాయి. హద్దురాళ్లు, మొరం రోడ్డు, కరెంటు స్తంభాలు, ముందు ఒక ఆర్చి. గజం ఎంత, రోడ్డు ఎన్ని అడుగులు, లోన్ వస్తుందా... కొనేవాళ్లు అడిగేవి ఇవే. మరి బాత్రూం నీళ్లు ఎటు పోతాయి? వాన నీళ్లు ఎటు పోతాయి? ఇది అడిగేవాళ్లు తక్కువ. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ ప్రశ్నే గడప దాటి లోపలికి వస్తుంది. పైన కట్టిన కొత్త కాలనీ మోరీ, కింద ఉన్న పాత ఇంటి ముందు పొంగుతుంది. అప్పటికి ప్లాట్లు అమ్మినవాళ్లు ఉండరు, అడిగితే చెప్పేవాళ్లూ ఉండరు.

ఈ ప్రశ్ననే ముందు అడగడం ఉద్యోగంగా పెట్టుకున్న మనిషి పేరు మీకు తెలుసు. సెప్టెంబరు 15, ఇంజినీర్స్ డే, మోక్షగుండం విశ్వేశ్వరయ్య. జీకే బిట్‌లో టిక్ పెట్టి ముందుకు వెళ్లిపోయే పేరు. ఇవాళ ఒక్కసారి ఆగి చూడండి. కోచింగ్ ఫీజులు, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూపులు, ప్రమోషన్ రాని బాధ... మీకు తెలిసినవి చాలానే ఆయన బతుకులోనూ ఉన్నాయి.

ట్యూషన్లు చెప్పి చదువు

విశ్వేశ్వరయ్య కుటుంబం మూలాలు మన తెలుగు నేలవే. మోక్షగుండం నుంచి మైసూరు సంస్థానానికి వలస వెళ్లిన కుటుంబం అది. ఊరి పేరే ఇంటిపేరుగా మిగిలింది. ఆయన పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. ఇంట్లో చదువు ఉంది, డబ్బు లేదు. పిల్లవాడు చిన్నగా ఉండగానే తండ్రి పోయారు.

బెంగళూరులో మేనమామ అండ దొరికింది. అయినా తన ఖర్చులకు తానే సంపాదించుకోవాలి కాబట్టి పిల్లలకు ట్యూషన్లు చెప్పారు. అలా చదువుతూనే 1881లో సెంట్రల్ కాలేజీ నుంచి బీఏ పూర్తి చేశారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పుణె సైన్స్ కాలేజీలో ఇంజినీరింగ్ చేరి, 1883లో మొదటి ర్యాంకుతో బయటికొచ్చారు. ఆ మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్ అయ్యారు.

ఈ స్కాలర్‌షిప్ సంగతి గుర్తుపెట్టుకోండి. ఊరికే తెలివి ఉంటే సరిపోలేదు, సమయానికి ఒక చెయ్యి అందింది. మీ సీనియర్లను, లైబ్రరీని, ప్రభుత్వ స్టడీ సర్కిళ్లను అడగడానికి మొహమాటపడితే నష్టం మీకే.

కనిపించని పని

ఇప్పుడు ఆయన చేసిన పనుల జాబితా చూడండి. సింధులోని సుక్కూరుకు తాగునీళ్లు కావాలి. సింధు నది నీళ్లేమో బురద. నీటిని శుద్ధి చేసే పెద్ద ఏర్పాటుకు ఆ ఊరి దగ్గర డబ్బు లేదు. ఆయన నది గర్భంలోనే బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరి వచ్చే నీళ్లు వాటంతట అవే తేటపడ్డాయి. ధార్వాడ్, బిజాపూర్ వంటి పట్టణాలకూ నీటి పథకాలు తయారుచేశారు. 1906లో అప్పటి బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న ఏడెన్‌కు వెళ్లారు. అక్కడ తాగునీళ్లకు, మురుగుకు కలిపి పథకం ఇచ్చారు.

ఆ చివరి మాటే ముఖ్యం. నీళ్లు, మురుగు రెండూ కలిపి. ఊరికి ఎన్ని నీళ్లు తెస్తే ఆ ఊరు దాదాపు అన్ని నీళ్లు బయటికి పంపాలి. బిందెలతో మోసుకున్న రోజుల్లో ఇంటి ముందు చిన్న గుంత సరిపోయేది. నల్లా వచ్చిన రోజు నుంచి సరిపోదు. విశ్వేశ్వరయ్య బొంబాయి ప్రభుత్వానికి శానిటరీ ఇంజినీర్‌గా కూడా పనిచేశారు. పేరులో పెద్ద మెరుపేమీ లేని పోస్టు అది. ఆయన పేరు బయటి ప్రాంతాల దాకా పాకింది ఇలాంటి పనులతోనే.

పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆటోమేటిక్ గేట్లు డిజైన్ చేసి పేటెంట్ తీసుకున్నారు. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీళ్లు నిలుస్తాయి, వరద ఎక్కువైతే గేట్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఎంత పడుతుంది, ఎంత దాటితే ముప్పు, దాటినప్పుడు దారేది... ఆయన బుర్ర ఎప్పుడూ ఈ మూడింటి చుట్టూనే తిరిగేది.

అంత చేసినా బొంబాయిలో పై కుర్చీ దొరకదని ఆయనకు అర్థమైంది. చీఫ్ ఇంజినీర్ పోస్టు అప్పట్లో బ్రిటిష్ వాళ్లది. 24 ఏళ్ల సర్వీసు తర్వాత, 1908లో తప్పుకొని విదేశీ యాత్రకు వెళ్లారు. చేతిలో మరో ఉద్యోగం లేదు.

మూసీ పిలిచింది

ఆయన ఐరోపాలో ఉండగా ఇక్కడ హైదరాబాద్ మునిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడింది. వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి కొందరు ప్రాణాలు దక్కించుకున్నారు. ఊరిని తిరిగి నిలబెట్టడానికి, మళ్లీ మునగకుండా చూడటానికి, మురుగు పారుదలకు పథకం వేయడానికి నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిచింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాద్‌లో దిగారు.

వచ్చీరాగానే గోడ కట్టమనలేదు. ముందు లెక్క తీశారు. వాన ఎక్కడ ఎంత పడింది? నదిలోకి ఎంత నీరు, ఎంత వేగంతో వచ్చింది? ఎగువన ఎన్ని చెరువులున్నాయి? ఆ లెక్కలో తేలింది ఏమిటంటే, పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు, వాటిలో 221 తెగాయి. పై చెరువు తెగి ఆ నీళ్లు కింది చెరువు మీద పడితే, అది తన వాననే కాదు, పైవాళ్ల వాననూ మోయాలి. మోయలేక తెగింది. చివరికి ఆ బరువంతా హైదరాబాద్ మీద పడింది.

అంటే సమస్య హైదరాబాద్‌లో కనిపించినా దాని మూలం ఎగువన ఉంది. అందుకే ఆయన పరిష్కారమూ అక్కడే మొదలైంది. మూసీ మీద, ఈసీ మీద ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచి, నెమ్మదిగా వదలాలన్నారు. అదే ఏడాది అక్టోబరుకల్లా నివేదిక ఇచ్చారు. తర్వాత ఇతర ఇంజినీర్ల చేతుల మీదుగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద కోసం తలపెట్టిన ఆ రెండూ హైదరాబాద్‌కు తాగునీళ్లు కూడా ఇచ్చాయి.

నీళ్లు వచ్చాయంటే మురుగూ వస్తుంది కదా. హైదరాబాద్‌కు భూగర్భ డ్రైనేజీ 1931 నాటికి వచ్చింది. 54 చదరపు కిలోమీటర్ల ఊరికి, సుమారు 4 లక్షల 68 వేల జనాభాకు సరిపడేలా వేశారు. ఆ అంకెను మళ్లీ చదవండి. 2011 లెక్కల్లో గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు దాటింది. ఊరు పెరిగినంత వేగంగా గొట్టం పెరగలేదు. కాలనీలు కుంటల్లోకి, నాలాల మీదికి జరిగాయి. 2020 అక్టోబరు వానలకు ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండటం మీరూ టీవీలో చూశారు. పాత ఇంజినీర్ల తప్పు కాదది. వాళ్లు వేసిన లెక్కను తర్వాతివాళ్లు కొత్తగా వేయకపోవడం.

ఆ లెక్క మీ ఊరికి వేయండి

పది ఎకరాల్లో 200 ఇళ్ల కాలనీ అనుకోండి. ఇంటికి నలుగురు, మొత్తం 800 మంది. మిషన్ భగీరథ లెక్కలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135. పల్లె లెక్కే తీసుకుందాం. రోజుకు 80 వేల లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందని ఇంజినీర్ల అంచనా. అంటే 64 వేల లీటర్లు. అదీ రోజంతా సమానంగా రాదు. పొద్దున అందరూ ఒకేసారి స్నానాలు చేస్తారు. చిన్న ఊళ్లకు సగటుకు మూడింతలు లెక్క వేస్తారు. అలా చూస్తే రద్దీ వేళ గంటకు 8 వేల లీటర్లు.

ఇప్పుడు వాన. పది ఎకరాల మీద గంటలో 5 సెంటీమీటర్లు పడితే దాదాపు 20 లక్షల లీటర్లు. అది చేను అయితే చాలా భాగం ఇంకుతుంది. డాబాలు, సీసీ రోడ్లు వేశాక ఇంకేది తక్కువ. సగమే పారిందనుకున్నా 10 లక్షల లీటర్లు. గంటకు 8 వేల కోసం వేసిన మోరీలోకి గంటలో 10 లక్షలు వస్తే ఏమవుతుంది? మురుగూ వానా కలిసి రోడ్డెక్కుతాయి. మురుగుకు ఒక దారి, వానకు ఒక దారి ఉండాలనేది అందుకే.

దారి ఉన్నా చివర చూసుకోవాలి. 2022 జులైలో గోదావరి ఉప్పొంగినప్పుడు మంచిర్యాలలో రాళ్లవాగు వెనక్కి తన్ని కాలనీలు మునిగాయి. మోరీ కలిసే చోట నీటిమట్టం మోరీకన్నా పైకి లేస్తే, బయటికి పోవాల్సిన నీళ్లు ఇంట్లోకి వస్తాయి. మన బొగ్గుబావుల ప్రాంతంలో ఇంకో జాగ్రత్త. భూగర్భ గని పైన నేల కుంగిన చోట వాలు మారుతుంది. వాలు తప్పితే నీళ్లు నిలుస్తాయి. నిలిస్తే పూడిక, పూడికతో పొంగు.

ఆ తర్వాత ఆయన

హైదరాబాద్ నివేదిక ఇచ్చిన కొద్ది రోజులకే 1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజినీర్ అయ్యారు. బొంబాయిలో దొరకని కుర్చీ సొంత సంస్థానంలో దొరికింది. కావేరి మీద కృష్ణరాజసాగర్ పనులు మొదలుపెట్టారు. 1912లో దివాన్ అయ్యారు. బ్యాంకు, ఇంజినీరింగ్ కాలేజీ, 1916లో మైసూరు యూనివర్సిటీ ఆయన హయాంలోవే. కొలువుల్లో వెనుకబడిన వర్గాలకు వాటా ఇవ్వాలన్న ఆలోచనతో విభేదించి పదవి వదులుకున్నారు. ఈ విషయంలో ఆయన వైపు నిలబడాల్సిన అవసరం మీకు లేదు. ఆ చర్చలో ఆయన చూడని కోణాలు మీరు మీ ఇళ్లల్లోనే చూసి ఉంటారు.

తొంభై దాటాక కూడా గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే కమిటీకి పనిచేశారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు.

మీకు పనికొచ్చేది

డ్రైనేజీ చిన్న పని అనుకోకండి. ఉద్యోగాలు అక్కడే ఉన్నాయి. పంచాయతీరాజ్, పబ్లిక్ హెల్త్, మున్సిపల్ శాఖల్లో ఏఈ, ఏఈఈ పోస్టులు, టౌన్ ప్లానింగ్ పోస్టులు, సింగరేణి సివిల్ విభాగం, మురుగుశుద్ధి ప్లాంట్లు నడిపే కంపెనీలు. సివిల్ వాళ్లు ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ సబ్జెక్టును చివరి వారానికి వదిలేయకండి. సివిల్ కానివాళ్లు పంచాయతీ కార్యదర్శి అయితే, మొదటి వానకే మీ ఫోన్ మోగేది మోరీ గురించే.

పరీక్ష రాసేవాళ్లు ఇంకో తేదీ కూడా రాసుకోండి. జులై 11 తెలంగాణ ఇంజినీర్స్ డే. నిజాంసాగర్ కట్టిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు.

ఇక ఉద్యోగం వచ్చేదాకా ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది. మీ ఊరి కొత్త వెంచర్‌కు డీటీసీపీ అనుమతి ఉందా, లేఅవుట్ కాపీలో మోరీ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో గ్రామసభలో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. ఈసారి గట్టి వాన పడ్డప్పుడు గొడుగు పట్టుకొని వెళ్లి చూడండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఎవరి ఇంటి వైపు తిరుగుతున్నాయి. టైమ్ వేసి ఒక కాగితం మీద గీయండి. 1909లో విశ్వేశ్వరయ్య మూసీ ఎగువన మొదలుపెట్టిన పని కూడా ఇలాంటిదే. రేపు ఇంటర్వ్యూలో మీ ఊరి సమస్య ఒకటి చెప్పమంటే, ఆ కాగితం మీ దగ్గర ఉంటుంది.