ఆకాశదర్పణం: నవాబు వికారుల్ ఉమ్రా జీవితం

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు సామెత చెప్పినారు. రెండెకరాల రైతుకూ, నెలజీతపు గుమాస్తాకూ మాత్రమే ఈ సామెత వర్తిస్తుందని అనుకోవడం పొరపాటు. వందలాది గ్రామాల శిస్తు ఇంటికి వచ్చి చేరే జాగీర్దారుకు కూడ అది అక్షరాలా వర్తించిందని హైదరాబాదు నగరానికి దక్షిణంగా, చార్మినారుకు సుమారు 5 కిలోమీటర్ల దూరాన, ఒక కొండ నెత్తిన నిలిచిన ఫలక్‌నుమా సౌధం చాటుతున్నది. ఫలక్‌నుమా అనగా ఆకాశదర్పణమని అర్థం. ఆ దర్పణంలో ఆకాశం కంటె ముందుగా కనిపించవలసిన ముఖం ఒకటి ఉన్నది. అది దానిని కట్టి, అందులో కొద్ది సంవత్సరాలు మాత్రమే కాపురముండి, చివరకు దానిని పరాధీనం చేసిన నవాబు వికారుల్ ఉమ్రా ముఖం.

ఆయన అసలు పేరు మహమ్మద్ ఫజ్లుద్దీన్ ఖాన్. 1856లో పైగా వంశంలో జన్మించినాడు. అసఫ్‌జాహీ రాజ్యంలో నిజాం తరువాత అంతటి ప్రతిష్ఠ పైగా ప్రభువులదే. ఆ వంశానికి మూలపురుషుడైన తేగ్ జంగ్ రెండవ నిజాం కొలువులో సేనానిగా పేరు గడించినాడు. నిజాం రక్షణకై అశ్వసైన్యాన్ని పోషించే బాధ్యత ఆ వంశం వహించింది. ఆ పోషణకై విశాలమైన జాగీర్లు సంక్రమించినవి. కాలం గడిచేకొద్దీ గుర్రాల సంఖ్య కంటె మేడల సంఖ్య పెరిగినది. నిజాముల కుమార్తెలను వివాహమాడే ఆచారం ఆ వంశానికి మరింత వన్నె తెచ్చినది. ఫజ్లుద్దీన్ ఖాన్ కూడ అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా కుమార్తె జహందారున్నీసా బేగమును పెండ్లాడినాడు. ఆ విధంగా ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు బావ అయినాడు. ఈ బాంధవ్యం ఆయన జీవితంలోని ఉన్నతికీ, ఆ తరువాతి సంకటానికీ కూడ సాక్షిగా నిలిచినది.

తండ్రి రషీదుద్దీన్ ఖాన్ మొదటి సాలార్ జంగుతోపాటు బాలనిజాం పక్షాన రాజ్యభారం వహించినవాడు. 1881లో ఆయన మరణించిన పిమ్మట పైగా ఆస్తి మూడు శాఖలుగా స్థిరపడినది. ఆస్మాన్ జా ఒక శాఖకు, అన్న ఖుర్షీద్ జా ఒక శాఖకు, వికారుల్ ఉమ్రా ఒక శాఖకు అధిపతులైనారు. మూడు శాఖలవారికీ మేడలు కట్టించడమంటే మక్కువ. ఆస్మాన్ జా బషీర్‌బాగ్ కట్టించినాడు. ఖుర్షీద్ జా దేవిడీ ఆ కాలంలో నగరానికే అలంకారం. దాయాదుల మధ్య ఈ పోటీ కత్తులతో జరిగినది కాదు. స్తంభాలతో, దీపాలతో, పాలరాతి మెట్లతో జరిగినది. పోటీలో కడపటివాడు అందరి కంటె ఎత్తుగా కట్టదలచినాడు.

1884 ఫిబ్రవరి 5వ తేదీన రాజప్రతినిధి రిప్పన్ ప్రభువు సమక్షంలో మహబూబ్ అలీ ఖాన్ పూర్ణాధికారాలు స్వీకరించినాడు. బాలరాజు కాలం ముగిసినది. రాజ్యంలో కొత్త యుగం ఆరంభమైనదని అందరూ భావించినారు. అప్పటికి ఇంకా నెల నిండలేదు. మార్చి 3వ తేదీన వికారుల్ ఉమ్రా ఆ కొండమీద శంకుస్థాపన చేసినాడు. అప్పటికి ఆయన వయస్సు 27 ఏండ్లు.

కొండనే ఎందుకు ఎన్నుకొన్నాడన్న ప్రశ్నకు సమాధానం కొంత ఇక్కడా, కొంత మధ్యధరా తీరానా దొరుకుతుంది. మన దేశంలో కొండమీద కోట కట్టేవారు, గుడి కట్టేవారు. సుఖంగా కాపురముండడానికి కొండ ఎక్కడం ఇటలీ శ్రీమంతుల అలవాటు. 16వ శతాబ్దంలో పల్లాడియో అనే శిల్పి విసెంజా పట్టణం వెలుపల గుట్టమీద, నాలుగు దిక్కులా స్తంభాల ముంగిళ్లతో, ఒక విహారభవనం నిర్మించినాడు. ఇంగ్లండు ప్రభువులు ఆ తీరును తమ దేశానికి తీసుకొనిపోయినారు. వారి ద్వారా అది మన దక్కనుకు చేరినది. ఫలక్‌నుమాకు రూపకల్పన చేసినవాడు విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్ల శిల్పి అని ప్రసిద్ధి. పల్లాడియో స్తంభాలకు ట్యూడర్ రీతిని జోడించి, 32 ఎకరాల ఆవరణలో, తేలు ఆకారంలో భవనం రూపొందినది. తేలు కొండి వలె రెండు రెక్కలు ఉత్తరంగా చాచి ఉంటవి.

నిర్మాణానికీ, అలంకరణకూ 9 ఏండ్లు పట్టినవి. 1890 డిసెంబరులో వికారుల్ ఉమ్రా గోల్ బంగ్లాలోనికీ, జనానా మహల్‌లోనికీ కాపురం మార్చినాడు. మర్దానా భాగపు పని ఇంకా సాగుతూనే ఉన్నది. దానిని దగ్గర ఉండి చూచుకొన్నాడు. ఇటలీ పాలరాయి ఓడలెక్కి వచ్చినది. ఆస్లర్ కంపెనీ స్ఫటిక దీపగుచ్ఛాలు వచ్చినవి. గ్రంథాలయానికి వాల్‌నట్ చెక్కతో చెక్కిన పైకప్పును విండ్సర్ కోటలోని దానిని చూచి చేయించినారు. ఏకకాలంలో 101 మంది కూర్చుండి భోజనం చేయగల బల్లను అమర్చినారు. గోడలమీద, కుర్చీలమీద, పైకప్పులలో, ఎక్కడ చూచినా ఆయన బిరుదులోని ఆంగ్ల పొడి అక్షరాలు వీ, ఓ అల్లుకొని ఉన్న ముద్రను వేయించినాడు. ఇల్లు తనదని లోకానికి తెలియజేయడానికి ఇంతకంటె గట్టి దస్తావేజు ఉండదని ఆయన తలచి ఉండవచ్చును.

ఖర్చు 40 లక్షల రూపాయలైనదని ప్రతీతి. ఆ మొత్తం ఎంతటిదో గ్రహించడానికి అదే కాలపు మరొక ఉదంతం తోడ్పడుతుంది. 1891లో జాకబ్ అనే వ్యాపారి ఒక మహావజ్రాన్ని నిజాముకు అమ్మజూపి 46 లక్షలు అడిగినాడు. 23 లక్షలు ధరావతుగా పుచ్చుకొన్నాడు. బేరం తెగక వ్యవహారం కలకత్తా హైకోర్టు దాకా పోయినది. దేశమంతటా చర్చకు గురి అయిన ఆ వజ్రపు వెల, ఒక సామంతుడు కట్టిన ఇంటి ఖర్చు, ఇంచుమించు సమానం. వజ్రం కొనడానికి స్వయంగా నిజామే వెనుకాడినప్పుడు, అంతటి ఖర్చును ఒక జాగీర్దారు ఒంటరిగా తలకెత్తుకొన్నాడు.

హైదరాబాదు సంపద ఆ రోజులలో ఏ విధంగా చేతులు మారుతుండేదో తెలిపే మరొక ఘట్టం కూడ ఆ కాలానిదే. 1886లో రాజ్యంలోని ఖనిజాలను త్రవ్వే హక్కు ఒక లండన్ కంపెనీకి దక్కినది. వాటాల వ్యాపారంలో జరిగిన అక్రమాలపై 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘం విచారణ జరిపినది. ఆ కంపెనీయే 1889 నుండి ఇల్లందు ప్రాంతంలో బొగ్గు త్రవ్వినది. 1920లో సింగరేణి కాలరీస్ పేరు ధరించినది. నేటి గోదావరిఖని గనులకూ, ఆ బొగ్గుతో 1983 నుండి విద్యుత్తు ఉత్పత్తి చేస్తున్న రామగుండం కేంద్రానికీ, దాని చెంత వెలసిన జ్యోతినగర్‌కూ మూలం అక్కడనే ఉన్నది. భూగర్భంలోని నల్లని బొగ్గు తరతరాలకు కూడు పెట్టినది. కొండమీది తెల్లని పాలరాయి మాత్రం యజమానికే కునుకు లేకుండ చేసినది.

1893లో ఆస్మాన్ జా వైదొలగగా వికారుల్ ఉమ్రా ప్రధానమంత్రి అయినాడు. 1901 దాకా ఆ పదవిలో ఉన్నాడు. ఆంగ్ల ప్రభుత్వం సర్ బిరుదు నిచ్చినది. బయటికి చూచేవారికి ఇంతకంటె భాగ్యం కనిపించదు. బంధువు రాజు, పదవి దివాన్‌గిరీ, నివాసం ఆకాశం. కాని పట్టపగలు కొండ ఎక్కి వచ్చే అతిథులకు కనిపించని సంగతి ఒకటి లెక్కల పుస్తకాలలో పెరుగుతున్నది. భవనం పూర్తి చేయడానికి ఆయన శక్తికి మించి అప్పు చేసినాడు. రాజ్యం ఆదాయవ్యయాలను సరిదిద్దవలసిన మంత్రి తన ఇంటి ఆదాయవ్యయాలను సరిదిద్దుకొనలేని స్థితికి వచ్చినాడు.

సామాన్యుడు అప్పులపాలైతే పొలమో, ఇల్లో అమ్ముకొంటాడు. ఊరిలో నలుగురు కొనేవారుంటారు గనుక ఏదో ఒక ధర పలుకుతుంది. ఇటలీలోనూ, దక్షిణ ఫ్రాన్సులోనూ సముద్రానికి ఎదురుగా ఉన్న కొండపల్లెలలో నేడు మేడలకు కోట్లు పలుకుతున్నవంటే కారణం ఇదే: ఒక ఇంటికి పది దేశాల శ్రీమంతులు పోటీ పడుతారు. అక్కడ కష్టం వేరు. ఒకనాడు ద్రాక్షతోటలు సాగు చేసి బ్రతికిన పల్లెవాసి బిడ్డలకు తమ ఊరిలోనే ఇల్లు కొనే స్తోమతు లేకుండ పోతుంది. ఫలక్‌నుమా సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. 40 లక్షల మేడను కొనగలవాడు రాజ్యమంతటా ఒకే ఒకడు. ఆ ఒక్కడు నిజాము. ఆయనతో బేరమాడడానికి ప్రజకు గాని, మంత్రికి గాని, బావకు గాని అధికారం లేదు. ప్రభువుకు వస్తువు అమ్మరు; నజరుగా సమర్పిస్తారు. ప్రభువు ధర చెల్లించడు, అనుగ్రహిస్తాడు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, ఆ ఒక్కడూ ఏలిక అయినప్పుడు, అమ్మేవానికి మిగిలేది మర్యాద మాత్రమే.

ఈ చిక్కుముడిని విప్పినది ఆయన భార్య అని చెప్పుకొంటారు. నిజామును అతిథిగా పిలిచి, భవనం ఆయన మనస్సుకు నచ్చినదని తెలిసినప్పుడు దానిని సమర్పించడమే మార్గమని ఆమె సలహా ఇచ్చినదట. 1897లో మహబూబ్ అలీ ఖాన్ ఫలక్‌నుమాకు విచ్చేసినాడు. కొన్నాళ్లకని వచ్చిన అతిథి మరికొన్నాళ్లు ఉన్నాడు. కిటికీ తెరిస్తే పాదాల చెంత నగరమంతా పరచుకొని కనిపించే ఆ మేడ ఆయనను కట్టివేసినది. వికారుల్ ఉమ్రా సమయమెరిగి సౌధాన్ని ప్రభువుకు నివేదించినాడు. ప్రభువు స్వీకరించినాడు, ప్రతిఫలంగా ధనం ఇప్పించినాడు. గౌరవానికి భంగం లేకుండ అప్పుల భారం తీరినది. రాజునింట పుట్టి పెరిగిన ఆ బేగముకు తమ్ముని స్వభావం తెలుసు. పరువును కాపాడుకొంటూ నష్టపోవడం ఏ విధంగానో కూడ తెలుసు. నవాబు తొమ్మిదేండ్లు కష్టించి కట్టించిన మేడలో, కాపురం పెట్టిన నాటి నుండి లెక్కించినా, ఏడేండ్లకు మించి ఉండలేదు.

కాని ఇల్లు కట్టించే మోజు అప్పుతో తీరిపోయేది కాదు. ఫలక్‌నుమా చేయి జారిన పిమ్మట ఆయన దృష్టి నగరానికి ఉత్తరాన ఉన్న బేగంపేటకు మరలినది. అక్కడ పైగా పాలెస్ అని పిలువబడే మరొక భవనం వెలసినది. దాని సమీపంలో ఒక మసీదు నిర్మాణానికి పూనుకొన్నాడు. ఆయన మరొక బిరుదైన ఇక్బాలుద్దౌలా పేర అది ప్రసిద్ధమైనది. స్పెయిన్ దేశంలోని కార్డోవా మసీదు తోరణాలను తలపించే తీరులో ఉండుటచేత జనులు స్పానిష్ మసీదని కూడ పిలుస్తారు. మధ్యధరా దేశాల శిల్పంపై ఆయన పెంచుకొన్న మమకారానికి ఇది కడపటి ఆనవాలు. అది ముగిసేవరకు ఆయన జీవించలేదు. 1901లో పదవి వదలినాడు. మహారాజా కిషన్ పర్షాద్ ప్రధాని అయినాడు. మరుసటి సంవత్సరం, 1902లో, వికారుల్ ఉమ్రా కన్ను మూసినాడు. ఆయన వయస్సు నలుబదిఆరేండ్లు కూడ నిండలేదు. మసీదు 1906లో పూర్తి అయినది.

కొండమీది సౌధం కట్టినవాని అనంతరం కూడ తన కథను కొనసాగించినది. 1906లో ఆంగ్ల యువరాజు, తరువాతి అయిదవ జార్జి చక్రవర్తి, సతీసమేతంగా అక్కడ విడిది చేసినాడు. ముచ్చటపడి దానిని పుచ్చుకొన్న మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టు 29న అక్కడనే తుది శ్వాస విడిచినాడు. ఏడవ నిజాం దానిని అతిథిగృహంగా ఉంచినాడు. 1949లో జాగీర్లు రద్దు అయినవి. ఆ మేడకు పునాదులైన గ్రామాల శిస్తు ఇక పైగాలకు రాకుండ పోయినది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసిన పిమ్మట తలుపులు చాలకాలం మూతపడినవి. పది సంవత్సరాల మరమ్మతుల తరువాత 2010లో తాజ్ సంస్థ దానిని హోటలుగా తెరిచినది. ఒక్కనికి తప్ప అమ్మజాలని ఇల్లు, గది గదిగా, రాత్రి రాత్రిగా, వెల చెల్లించగల ఎవరికైనా అద్దెకు దొరుకుతున్నది. బేగంపేట భవనంలో 2008 నుండి 2023 దాకా అమెరికా దౌత్యకార్యాలయం నడిచినది. ఒకనాడు రాళ్లు తప్ప మరేమీ లేని బంజారా గుట్టలపై గజం స్థలం కొనడం నేడు మధ్యతరగతివానికి కలలోని మాట. కొండమీద ఇల్లుండవలెనన్న కోరిక నవాబుతో పోలేదు, నగరమంతటికీ సంక్రమించినది.

వికారుల్ ఉమ్రా దురాశాపరుడని గాని, మూఢుడని గాని అనుకోరాదు. అతని కాలంలో ప్రభువు గొప్పతనాన్ని కొలిచే గజకట్టు ఇల్లే. అందరూ ఒకే గజకట్టుతో కొలుస్తున్నప్పుడు, పొట్టిగా మిగలడానికి ఎవడూ ఇష్టపడడు. అయితే ఆ పాలరాతి కింద ఉన్నది పైగా గ్రామాలలో నాగలి పట్టిన రైతుల చెమట. వారిలో ఎవరూ ఆ మెట్లెక్కి ఉండరు. ఇది మరచి ఫలక్‌నుమాను పొగడడం న్యాయం కాదు. అతని అభిరుచిని కాదనడమూ న్యాయం కాదు.

ధనం పుచ్చుకొన్నది ఆయన. భవనం పుచ్చుకొన్నది నిజాము. నేడు అద్దె వసూలు చేసుకొంటున్నది హోటలు. ఇంతమంది చేతులు మారినా, గోడలమీది పొడి అక్షరాలను ఎవరూ చెరపలేదు. దస్తావేజు పోయినది, ముద్ర మిగిలినది.