హెన్రీ వాడ్స్‌వర్త్ లాంగ్‌ఫెలో

అమెరికా సంయుక్త రాష్ట్రములు 1776వ సంవత్సరమున స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. రాజకీయముగా స్వతంత్రులైనను, ఆ దేశప్రజలు సారస్వత విషయమున చిరకాలము ఇంగ్లండు వంకనే చూచుచుండిరి. వారి పిల్లలు చదివెడి పద్యములు ఇంగ్లండు కవులు వ్రాసినవి. ఆ పద్యములలో కూయు పక్షులు అమెరికా అడవులలో కానరానివి. తమ నదులను, తమ అడవులను, తమ పూర్వుల కథలను తమ కవియే పాడగా వినవలెనను కోరిక ఆ జాతికి క్రమక్రమముగా కలిగెను. ఆ కోరికను తీర్చిన కవులలో ప్రజలకు మిక్కిలి ప్రీతిపాత్రుడైనవాడు హెన్రీ వాడ్స్‌వర్త్ లాంగ్‌ఫెలో.

లాంగ్‌ఫెలో 1807వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన పోర్ట్‌లాండు అను రేవుపట్టణమున జన్మించెను. అప్పుడు ఆ పట్టణము మసాచుసెట్స్ రాష్ట్రములోనిది; 1820లో మెయిన్ ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు అందు చేరెను. తండ్రి స్టీఫెన్ పేరుగాంచిన న్యాయవాది. తల్లి జిల్ఫా కావ్యప్రియురాలు. ఆమె తండ్రి పెలెగ్ వాడ్స్‌వర్త్ స్వాతంత్ర్య యుద్ధమున సేనానిగా పోరాడినవాడు. ఆమె సోదరుడు హెన్రీ నౌకాదళమున పనిచేయుచు 1804లో ట్రిపోలీ రేవులో ప్రాణములు కోల్పోయెను. ఆ మేనమామ పేరే ఈ బాలునకు పెట్టిరి. తాతగారి యుద్ధకథలు వినుచు, దూరదేశముల నుండి వచ్చు ఓడలను చూచుచు ఆ బాలుడు పెరిగెను. దేశచరిత్ర అతనికి గ్రంథములలోని విషయము మాత్రమే కాదు, ఇంటిలోని మాట.

పదుమూడేండ్ల ప్రాయమున అతడు పూర్వము జరిగిన యొక యుద్ధమును గూర్చి చిన్న పద్యమును వ్రాసి, రహస్యముగా స్థానిక పత్రికకు పంపెను. 1820వ సంవత్సరము నవంబరులో ఆ పద్యము అచ్చయ్యెను. ఆనాటి సాయంకాలము అతడు ఒక మిత్రుని ఇంటికి పోగా, ఆ మిత్రుని తండ్రి, పద్యము వ్రాసినవాడు ఎదుటనే యున్నాడని యెరుగక, అందులో జీవము లేదనియు, ఇతరుల నుండి తెచ్చుకొన్నదనియు నిందించెను. బాలుడు మారుపలుకక ఇంటికి వచ్చి, ఆ రాత్రి పడకపై కన్నీరు కార్చెను. కాని వ్రాయుట మానలేదు.

1822లో అతడు బ్రన్స్‌విక్‌లోని బౌడిన్ కళాశాలలో చేరెను. తరువాతి కాలమున గొప్ప కథకుడుగా ప్రసిద్ధి కెక్కిన నథానియల్ హాథార్న్ అక్కడ అతని సహాధ్యాయి. కుమారుడు న్యాయవాది కావలెనని తండ్రి కోరిక. సాహిత్యమునకే జీవితమును అంకితము చేయవలెనని కుమారుని ఆశ. సాహిత్యము వలన జీవనోపాధి దొరుకని కాలమది. తండ్రీకొడుకుల నడుమ ఈ విషయమై ఉత్తరములు నడచెను. 1825లో పట్టము పొందగానే, ఆధునిక భాషలను బోధించుటకు క్రొత్తగా ఏర్పడిన ఆచార్య పదవిని కళాశాలవారు అతనికి ఇయ్యజూపిరి. ముందుగా యూరపునకు పోయి ఆ భాషలను నేర్చి రావలెనని వారు కోరిరి. తండ్రి అంగీకరించి ధనసహాయము చేసెను.

1826 నుండి 1829 వరకు లాంగ్‌ఫెలో ఫ్రాన్సు, స్పెయిన్, ఇటలీ, జర్మనీ దేశములలో సంచరించి వారి భాషలను అభ్యసించెను. తిరిగివచ్చి బోధింప మొదలిడునప్పటికి తగిన పాఠ్యగ్రంథములు లేకుండుటచే వానిని తానే సిద్ధపరచుకొనెను. 1831లో తన బాల్యము నుండి యెరిగిన మేరీ పాటర్ అను యువతిని వివాహమాడెను. కొంతకాలమునకు హార్వర్డ్ విశ్వవిద్యాలయము నుండి పిలుపు వచ్చెను. ఆ పదవికై మరికొన్ని భాషలను నేర్చుటకు 1835లో భార్యతో మరల యూరపునకు ప్రయాణమయ్యెను. ఆ ప్రయాణమున మేరీకి నెలలు నిండకమునుపే ప్రసవమై జబ్బుచేసెను. నవంబరు 29వ తేదీన హాలెండులోని రోటర్‌డాం నగరమున ఆమె మరణించెను. పరదేశమున ఒంటరివాడైన లాంగ్‌ఫెలో దుఃఖమును దిగమ్రింగి చదువులో మునిగెను.

మరుసటి సంవత్సరము స్విట్జర్లాండులో అతడు ఫ్రాన్సెస్ ఆపిల్టన్ అను పదునెనిమిదేండ్ల కన్యను కలిసికొనెను. ఆమెను అందరును ఫానీ అని పిలిచెడివారు. ఆమె బోస్టను నగరమున నూలుమిల్లుల యజమానియైన నాథన్ ఆపిల్టన్ కుమార్తె. విద్యావతి, స్వతంత్రభావములు గలది. లాంగ్‌ఫెలో ఆమెను వివాహమాడగోరెను, ఆమె సమ్మతింపలేదు. 1839లో అతడు హైపీరియన్ అను వచనకావ్యమును ప్రకటించెను. అందలి నాయిక ఫానీయే యని బోస్టనువారందరును గుర్తించిరి. తన మనసులోని మాటను నలుగురిలో పెట్టినందుకు ఆమె నొచ్చుకొనెను. ప్రేమతో వ్రాసిన గ్రంథమే ఆమెను మరింత దూరము చేసెను.

ఆ సంవత్సరములలోనే కవిగా అతని కీర్తి వ్యాపించెను. 1838లో అచ్చయిన జీవనగీతము, 1839లో వెలువడిన తొలి కవితాసంపుటము ఇంటింట చదువబడెను. కాలము పోవుచున్నది కనుక దుఃఖములో కూరుకొనిపోక పనికి పూనుకొనవలెననుట ఆ గీతసారము. అది ఇతరులకు చెప్పిన నీతి మాత్రమే కాదు. భార్యావియోగముతో క్రుంగిన కవి తనకు తాను చెప్పుకొన్న ధైర్యము. భారతదేశమున కూడ అనేక తరముల విద్యార్థులు ఆ గీతమును ఆంగ్ల పాఠములలో చదివిరి.

ఆ కాలమున అమెరికాలో లక్షలకొలది నీగ్రో ప్రజలు బానిసలై యుండిరి. ప్రాణమిత్రుడైన చార్లెస్ సమ్నర్ ప్రోత్సాహముచే లాంగ్‌ఫెలో 1842లో బానిసత్వమును గూర్చి ఏడు కవితలు వ్రాసి, మరియొక కవితతో కలిపి ప్రకటించెను. వానిలో తీవ్రత చాలదని కొందరనిరి. అసలు వ్రాయనే కూడదని మరికొందరనిరి. శాసనసభకు పోటీ చేయుమని కోరినవారికి అతడు అంగీకరింపలేదు. వేదికలపై వాదించు స్వభావము అతనిది కాదు. అయినను, బానిసలను విడిపించుటకును, పారిపోయి వచ్చినవారిని ఆదుకొనుటకును అతడు నిశ్శబ్దముగా ఇచ్చుచుండిన ధనము అతని ఖాతాపుస్తకములలో నమోదై యున్నది.

ఏడు సంవత్సరముల నిరీక్షణ పిదప, 1843వ సంవత్సరము మే నెలలో ఫానీ నుండి ఉత్తరము వచ్చెను. ఆమె మనసు మారెను. బండి కొరకు వేచియుండు ఓపిక లేక లాంగ్‌ఫెలో కేంబ్రిడ్జి నుండి వంతెన దాటి బోస్టనులోని ఆమె ఇంటి వరకు నడచిపోయెను. ఆ వంతెన స్థానమున తరువాత కట్టిన వంతెన నేడు అతని పేరనే పిలువబడుచున్నది. జులై 13వ తేదీన వివాహము జరిగెను. లాంగ్‌ఫెలో 1837 నుండి అద్దెకుండిన క్రెయిగీ భవనమును మామగారు కొని కానుకగా ఇచ్చెను. ఆ భవనమున 1775, 1776 సంవత్సరములలో జార్జి వాషింగ్టను సేనాపతిగా విడిదిచేసి యుండెను. చరిత్ర నడచిన గదులలోనే కవి తన కావ్యములను వ్రాసెను. ఆ దంపతులకు ఆరుగురు సంతానము కలిగిరి. అందొక ఆడుశిశువు పసితనముననే మరణించెను.

1847లో వెలువడిన ఇవాంజెలిన్ కావ్యము చరిత్రలోని ఒక అన్యాయము నుండి పుట్టినది. 1755లో ఆంగ్ల పాలకులు నోవా స్కోషియా ప్రాంతమున నివసించుచుండిన ఫ్రెంచి రైతులను వేలకొలదిగా ఓడల కెక్కించి దేశాంతరములకు పంపివేసిరి. ఆ కల్లోలమున విడిపోయిన ఒక జంట కథను హాథార్న్ మిత్రుడొకడు చెప్పగా లాంగ్‌ఫెలో విని కరగిపోయెను. హాథార్న్ తాను ఆ కథను వ్రాయక మిత్రునకు విడిచిపెట్టెను. ప్రియుని వెదకుచు దేశమంతయు తిరిగిన ఇవాంజెలిన్ కల్పిత పాత్రయే. కాని ఆ రైతుల సంతతివారు ఆమెలో తమ జాతి దుఃఖమునే చూచుకొనిరి.

1854లో లాంగ్‌ఫెలో ఆచార్య పదవిని విడిచి పూర్తిగా రచనకు పూనుకొనెను. మరుసటి సంవత్సరము హయావతా కావ్యము వెలువడెను. ఓజిబ్వే జాతివారి పురాణకథలను స్కూల్‌క్రాఫ్ట్ అను పండితుడు సేకరింపగా వానిని ఆధారము చేసికొని, ఫిన్లండు జాతీయకావ్యమైన కలేవలా ఛందస్సున అతడు దీనిని రచించెను. హయావతా యను పేరు మాత్రము వేరొక జాతియైన ఇరాక్వా నాయకునిది. కవి రెండింటిని కలిపివేసెను. ఆదివాసుల కథలకు ప్రపంచమున ఆదరము తెచ్చిన ఆ కావ్యమే వారిని గూర్చి కొన్ని పొరపాటు భావములను కూడ వ్యాపింపజేసెను.

చరిత్రకును కావ్యమునకును గల భేదమును తెలిసికొనుటకు అతని పాల్ రివీర్ కవిత మంచి యుదాహరణము. 1775వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీ రాత్రి, ఆంగ్లసైన్యము బయలుదేరినదని గ్రామములకు తెలుపుటకు రివీర్ గుఱ్ఱముపై పోయెను. కవితలో అతడు ఒంటరిగా కాంకర్డు వరకు చేరును. నిజమునకు విలియం డాస్ అనునతడు మరొక మార్గమున బయలుదేరెను. శామ్యూల్ ప్రెస్కాట్ అను వైద్యుడు దారిలో కలిసెను. లెక్సింగ్టను దాటిన పిదప రివీర్ శత్రువులకు పట్టుబడెను. కాంకర్డు చేరినవాడు ప్రెస్కాట్. ఈ కవిత 1860వ సంవత్సరము డిసెంబరులో పాఠకులకు అందెను. బానిసత్వ సమస్యపై దేశము రెండుగా చీలుచుండిన సమయమది. నిద్రించుచున్న ప్రజలను మేలుకొలుపు రౌతు కథను కవి ఆనాటివారి కొరకే చెప్పెను. చరిత్రకారుడు జరిగినదానిని చెప్పును. కవి అది మనకేమగునో చెప్పును. పాఠకుడు ఈ రెండింటిని వేరుపరచి చూడవలెను.

1861వ సంవత్సరము ఏప్రిల్‌లో అంతర్యుద్ధము మొదలయ్యెను. జులై 9వ తేదీన కవి ఇంటికే విపత్తు వచ్చెను. కుమార్తెల శిరోజములను జ్ఞాపకముగా కాగితమున చుట్టి, లక్కతో ముద్రవేయుచుండగా ఫానీ వస్త్రములకు నిప్పంటుకొనెను. లాంగ్‌ఫెలో రత్నకంబళముతోను, తన దేహముతోను మంటలను ఆర్పజూచెను. మరునాటి ఉదయమున ఆమె మరణించెను. వారి వివాహదినమైన 13వ తేదీననే ఆమెను ఖననము చేసిరి. గాయములతో మంచమున నున్న భర్త అచటికి పోజాలకపోయెను. ముఖముపై గాయములగుటచే క్షౌరము చేసికొనజాలక అతడు గడ్డము పెంచెను. చిత్రపటములలో మనకు కానవచ్చు ఆ తెల్లని గడ్డము ఆ దినపు గుర్తు.

తల్లిలేని పిల్లలను పెంచుచు, రాత్రులయందు ఇటలీ మహాకవి దాంతే కావ్యమును ఆంగ్లీకరించుచు అతడు బ్రదికెను. 1863లో పెద్దకుమారుడు చార్లెస్ తండ్రికి చెప్పకయే సైన్యమున చేరి, నవంబరులో వర్జీనియాలో తీవ్రముగా గాయపడెను. తండ్రి వాషింగ్టను నగరమునకు పరుగెత్తి అతనిని ఇంటికి తెచ్చుకొనెను. ఆ సంవత్సరము క్రిస్మసు దినమున గంటలను విని వ్రాసిన కవితలో నిరాశయు, దానిని దాటిన విశ్వాసమును కలవు. దాంతే అనువాదము 1867లో ప్రకటితమయ్యెను.

వార్ధక్యమున అతనికి దొరకిన గౌరవములలో ఒకటి మిక్కిలి మధురమైనది. పల్లెకమ్మరిని గూర్చి అతడు వ్రాసిన కవితలోని చెట్టు కేంబ్రిడ్జి వీథిలో నుండెను. వీథిని వెడల్పు చేయుటకు 1876లో దానిని కొట్టివేసిరి. ఆ కొయ్యతో కుర్చీ చేయించి, 1879లో అతని డెబ్బదిరెండవ జన్మదినమున పాఠశాలల బాలబాలికలు చందాలు వేసికొని కానుకగా ఇచ్చిరి. కుర్చీని చూడవచ్చు ఏ పిల్లవానినైనను లోనికి రానిండని కవి ఆజ్ఞాపించెను. వచ్చినవారికెల్ల దానిని గూర్చి తాను వ్రాసిన కవిత ప్రతిని ఇచ్చుచుండెను.

లాంగ్‌ఫెలో 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన మరణించెను. అతని కాగితములలో ఎవరికిని చూపని ఒక చిన్న కవిత దొరకెను. ఫానీ పోయిన పదునెనిమిదేండ్లకు, గోడపైని ఆమె చిత్రమును చూచుచు వ్రాసినది. ఏ ఋతువులోను కరగని మంచును తన దుఃఖమునకు సాటిగా అందు చెప్పెను. ఒకప్పుడు ప్రేమను గ్రంథమున పరచి ఆమెను నొప్పించిన కవి, ఆమె వియోగ దుఃఖమును బ్రతికినంతకాలము దాచియుంచెను.

1884లో లండనులోని వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున కవుల స్మారక స్థలములో అతని ప్రతిమను ప్రతిష్ఠించిరి. ఆ గౌరవము పొందిన మొదటి అమెరికా కవి అతడు. ఇరువదవ శతాబ్దపు విమర్శకులు అతని కవిత్వము మిక్కిలి సులభమనియు, నీతిబోధ అధికమనియు అనిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను పండితులకే గాక కమ్మరికి, రైతునకు, పసివానికి కూడ అర్థమగునట్లు వ్రాయుట అతడు ఎంచుకొన్న త్రోవ. తన దుఃఖము ఎంత లోతైనదైనను, పాఠకునకు ధైర్యమునే పంచియిచ్చెను.